బేస్‌మెంట్‌లో గది వేయిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు రెండు మూడేళ్లకు బేస్‌మెంట్ మీద పడతారు. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే ఉండటానికి ఒక గది కావాలని మేమూ మొదలుపెట్టాం. కార్పెట్ రంగు దగ్గర లెక్క మొదలెట్టాం, అదే మా తప్పు. లెక్క నీళ్ల దగ్గర మొదలవ్వాలి.

సమస్య: మెట్లు దిగగానే ముక్కిన వాసన, గోడ అడుగున తెల్లటి పొడి

కారణం తేమ. ఆ పొడి, కాంక్రీట్‌లోంచి ఊరిన నీళ్లు ఆరిపోతూ వదిలిన ఉప్పు. తేమ ఎటు నుంచి వస్తోందో తేలాలంటే రెండడుగుల పాలిథిన్ షీటు గోడకి ఆనించి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూసి రెండు మూడు రోజులు వదిలేయండి. షీటుకి గోడవైపు చెమటపడితే నీళ్లు బయటి మట్టిలోంచి వస్తున్నాయి. గదివైపు తడిస్తే గాలిలోని తేమ, దానికి తేమ లాగేసే డీహ్యూమిడిఫైయర్ చాలు.

మట్టిలోంచి అయితే, జోరువాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. మా ఇంట్లో డౌన్‌స్పౌట్ (కప్పు మీది వాననీళ్లు కిందికి దించే గొట్టం) నీళ్లు సరిగ్గా పునాది మూలలోనే మడుగు కడుతున్నాయి. దానికి పొడుగు గొట్టం తగిలించి, మట్టి పోసి వాలు సరిచేశాం. గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు దిగాలి. గోడలు పగలగొట్టించే ముందు ఈ చవక పని చేసి, ఒక వానాకాలం ఆగి చూడండి. సంప్ పంప్ (బేస్‌మెంట్ గుంటలో చేరే నీళ్లు బయటికి తోడే పంపు) ఉంటే బ్యాటరీ బ్యాకప్ కూడా పెట్టించండి, గాలివానకి కరెంటు పోయేదీ అప్పుడే, పంపు అవసరమయ్యేదీ అప్పుడే.

ఇన్సులేషన్‌లో పొదుపు చేయకండి. చల్లటి కాంక్రీట్‌కి దూదిలాంటి ఫైబర్‌గ్లాస్ ఆనిస్తే లోపల తడిసి బూజు పడుతుంది. గోడకి గట్టి ఫోమ్ షీట్లు అతికించి, ఆ తర్వాతే చెక్క ఫ్రేమ్ కట్టించండి.

సమస్య: "ఇది బెడ్‌రూమ్ కిందికి రాదు" అని ఇన్‌స్పెక్టర్ అనడం

మంటలు లేస్తే బయటపడే కిటికీ లేకపోవడం దీనికి మామూలు కారణం. చాలాచోట్ల పాటించే బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆ కిటికీ తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి, దాని కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. సీలింగ్ 7 అడుగులు ఉండాలి. ఆ కిటికీకి పునాది గోడ కోయడం పెద్ద ఖర్చు, కాబట్టి ఇది మొదటి ఎస్టిమేట్‌లోనే ఉండాలి. పెద్దవాళ్లు పడుకునే గదికి ఈ కిటికీ లేకుండా సరిపెట్టుకోవద్దని నా గట్టి మాట.

రాడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) పరీక్ష కూడా ఇప్పుడే చేయించండి. కిట్ ఖరీదు తక్కువే. ఫలితం లీటరు గాలికి 4 పికోక్యూరీలు, అంతకు పైన ఉంటే డ్రైవాల్ (గోడలకి బిగించే జిప్సం బోర్డు) పడక ముందే ఆ వాయువుని బయటికి పంపే గొట్టం వేయించడం తేలిక.

సమస్య: ముగ్గురు కాంట్రాక్టర్లు, మూడు పొంతన లేని ధరలు

ముగ్గురూ వేరువేరు పనులకి ధర చెప్పి ఉంటారు. ఒకరు పర్మిట్, కరెంటు పని కలిపారు, ఇంకొకరు వదిలేశారు. పనుల జాబితా మీరే కాగితం మీద రాసి, ముగ్గురికీ అదే ఇవ్వండి.

సమస్య: డ్రైవాల్ దాకా వచ్చేసరికి డబ్బు అయిపోవడం

గోడ వెనక ఏముందో విప్పేదాకా తెలియదు. చేతిలో 30,000 డాలర్లుంటే 25,000కే ప్లాన్ వేసుకుని మిగతాది ముట్టుకోకండి. బాత్రూమ్ ఇప్పుడు వద్దనుకున్నా దానికి పైపులు మాత్రం ఇప్పుడే వేయించుకోండి, పూర్తయిన నేల మళ్లీ పగలగొట్టించాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. కాంట్రాక్టర్‌కి డబ్బు పని జరిగిన మేరకే ఇవ్వండి. చివరి విడత మాత్రం ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాసైన కాగితం చేతికొచ్చాకే.