గుర్రం కాలి గాయానికి కట్టు కట్టే ముందు

మా ఆడగుర్రానికి ఒకసారి ముందు కాలి మీద, గిట్టకి కాస్త పైన ఉండే ఫెట్‌లాక్ కీలు పక్కన చిన్న గాటు పడింది. చిటికెనవేలి గోరంత కూడా లేదు, రక్తం రెండు మూడు చుక్కలు కారి ఆగిపోయింది. కడిగి ఏదో ఒక మందు రాసి వదిలేద్దాం అనుకున్నాను. కడుగుతుంటే లోపలినుంచి లేత పసుపు రంగులో జిగురుగా ఏదో వచ్చింది, గ్లవ్స్ వేసుకున్న రెండు వేళ్ల మధ్య పట్టి వేళ్లు దూరం చేస్తే తీగలా సాగింది. అది కీలు లోపల ఉండే ద్రవం. అంటే గాటు కీలు దాకా దిగిందన్నమాట. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి కీలు లోపల కడిగించాం కాబట్టి అది మళ్లీ మామూలుగా నడిచింది. మర్నాటి దాకా చూద్దాంలే అని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

అప్పటినుంచి నేను గాయం ఎంతుందో తర్వాత చూస్తాను, ముందు ఎక్కడుందో చూస్తాను. భుజం మీదో తొడ మీదో చర్మం జానెడు చీలి చూడ్డానికి భయంకరంగా ఉన్నా, కింద కండ ఉంటుంది, రక్తం బాగా అందుతుంది, చాలాసార్లు మానిపోతుంది. ముందు కాలికి మోకాలి కింద, వెనక కాలికి హాక్ (కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టుండే కీలు) కింద అసలు కండే లేదు. చర్మం, దాని కిందే టెండన్లు, అంటే కండని ఎముకకి కలిపే గట్టి తాళ్లలాంటివి, ఆ తర్వాత ఎముక. రక్తప్రసరణ తక్కువ, కదలిక ఎక్కువ, నేలకి దగ్గర కాబట్టి మట్టీ పేడా ఎక్కువ. అందుకే అక్కడ చిన్న గాయం కూడా వారాల తరబడి సతాయిస్తుంది.

కాబట్టి కట్టు మాట ఎత్తకముందే డాక్టరుకి ఫోన్ చేయాల్సిన సందర్భాలు గుర్తుపెట్టుకోండి. గాయం కీలు దగ్గరగానీ కాలి వెనక టెండన్ల మీదగానీ ఉంటే, ఎముక తెల్లగా కనిపిస్తుంటే, గుచ్చుకున్న గాయమై లోతు తెలియకపోతే, రక్తం ఎర్రగా చిమ్ముతుంటే, గాయం చిన్నదే అయినా గుర్రం ఆ కాలి మీద బరువు మోపకపోతే ఆలస్యం చేయకండి. ఈ చివరిది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కుట్లు పడాల్సిన గాయమైనా అంతే, మొదటి 6 నుంచి 8 గంటల్లోపు చూపిస్తే కుట్టడానికి అవకాశం ఎక్కువ. చర్మం పీలికలా వేలాడుతుంటే కత్తిరించకండి, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ వేసి అలాగే ఉంచండి, డాక్టరుకి అది పనికొస్తుంది. అరికాలులో మేకు దిగితే కంగారుపడి పీకకండి. డాక్టరు త్వరగా రాగలిగితే దాన్ని అలాగే ఉంచి, అది ఇంకా లోపలికి దిగకుండా దాని చుట్టూ మందంగా మెత్త కట్టండి, ఎక్స్‌రే తీస్తే ఏ దిక్కుగా ఎంత లోపలికి వెళ్లిందో తెలుస్తుంది. ఏ కారణంచేతైనా తీయక తప్పకపోతే ఎక్కడ దిగిందో ఫోటో తీసి, ఆ చోట గుర్తు పెట్టి, మేకు దాచిపెట్టండి.

ఇక మీ సంగతి. నొప్పితో ఉన్న గుర్రం ఎంత సాధువైనా తంతుంది, అది దాని తప్పు కాదు. గోడకో స్తంభానికో కట్టేసి పని మొదలుపెట్టకండి, పగ్గం పట్టుకోడానికి ఇంకో మనిషి ఉండాలి, ఆ మనిషి మీరున్న వైపే నిలబడాలి. గుర్రం బెదిరితే తల మీ వైపు లాగితే చాలు, దాని వెనక భాగం మీకు దూరంగా తిరుగుతుంది. నేల మీద మోకాళ్లూని కూర్చోవద్దు, గొంతుక్కూర్చోండి, క్షణంలో లేచి పక్కకి రాగలగాలి. తలకి హెల్మెట్ పెట్టుకోండి. అసలు ముట్టుకోనివ్వకపోతే బలవంతం చేయకండి, డాక్టరొచ్చి మత్తు ఇచ్చాక చేసుకోవచ్చు.

రక్తం కారుతుంటే ముందు అదే ఆపాలి. శుభ్రమైన గుడ్డని మడతలు పెట్టి గాయం మీద గట్టిగా అదిమి 10 నుంచి 15 నిమిషాలు పట్టుకోండి. మధ్యలో ఆగిందా లేదా అని ఎత్తి చూడొద్దు, ఎత్తితే గడ్డకట్టిన రక్తం మళ్లీ లేచిపోతుంది. తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ వేసి అదమండి. 500 కిలోల గుర్రం ఒంట్లో సుమారు 40 లీటర్ల రక్తం ఉంటుంది, నేల మీద మడుగు చూసి టెన్షన్ పడినంత ప్రమాదం చాలాసార్లు ఉండదు. తాడుతో బిగించి రక్తం ఆపే పని మాత్రం సొంతంగా చేయకండి.

కడగడానికి సెలైన్ మంచిది. లేకపోతే లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి అందులో 9 గ్రాముల ఉప్పు, అంటే ఇంచుమించు ఒకటిన్నర చిన్న చెంచాలు కలపండి. మట్టి బాగా ఉంటే శుభ్రమైన కుళాయి నీళ్లు సన్నధారగా 5, 10 నిమిషాలు పోయొచ్చు, కానీ పైపు నోరు నొక్కి ఫోర్సుగా కొట్టకండి, మట్టి లోపలికి దూరుతుంది. పోవిడోన్ అయోడిన్ వాడితే 10 శాతం మందు లీటరు నీళ్లకి 10 మిల్లీలీటర్లు చాలు, లేత టీ రంగు వస్తే సరి. చిక్కగా పోస్తే బాగా పని చేస్తుందనుకోవడం తప్పు, మానడానికి పుట్టుకొస్తున్న కణాలే చచ్చిపోతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ కూడా అందుకే వద్దు. లోతు గాయంలో పొడులు, రంగు స్ప్రేలు కొట్టకండి, డాక్టరు వచ్చాక ఏదేమిటో కనిపించదు. చుట్టూ వెంట్రుకలు కత్తిరించేటప్పుడు ముందు గాయం నిండా నీటితో పోయే స్టెరైల్ జెల్లీ పెట్టండి, తెగిన వెంట్రుకలన్నీ దానికి అంటుకుంటాయి, కడిగితే అన్నీ పోతాయి. ఈ ఒక్క చిట్కా నాకు ఎంత పని తగ్గించిందో చెప్పలేను.

ధనుర్వాతం గుర్రాలకి చాలా త్వరగా పట్టుకుంటుంది, చాలావాటిని చంపేస్తుంది. చివరి టీకా ఎప్పుడు వేయించారో తేదీ రాసి ఉంచుకోండి, 6 నెలలు దాటి ఉంటే గాయమైనప్పుడు బూస్టర్ వేయిస్తారు. అసలు టీకాయే లేని గుర్రమైతే ఆ మాట డాక్టరుకి ఫోన్‌లోనే చెప్పండి. మనుషుల నొప్పి మాత్రలు గుర్రానికి వేయొద్దు, పాత ట్యూబులో మిగిలిన ఆయింట్‌మెంట్ కూడా వద్దు, అందులో స్టెరాయిడ్ ఉందేమో మీకు తెలియదు.

ఇప్పుడు కట్టు. సరిగా కట్టని కట్టు గాయం కన్నా ఎక్కువ నష్టం చేయగలదు, టెండన్ మీద ఒకే చోట బిగుసుకుంటే ఆ టెండనే దెబ్బతింటుంది. ముందు గాయానికి అంటుకోని డ్రెస్సింగ్ పెట్టాలి. దూది నేరుగా గాయం మీద పెట్టకండి, పోగులు అంటుకుని తీసేటప్పుడు నరకం. దాని మీద దూది పరుపు ముడతలు లేకుండా చుట్టండి, బిగించాక కూడా అంగుళం మందం మిగలాలి. ఆ పైన సాగే కట్టు. ముందువైపు నుంచి బయటి పక్కగా వెనక్కి, అక్కడినుంచి లోపలి పక్కకి చుట్టాలి, అంటే పైనుంచి చూస్తే ఎడమ కాలికి గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా, కుడి కాలికి ముల్లు తిరిగే దిక్కులో. ప్రతి చుట్టూ కింది చుట్టుని సగం కప్పాలి, బిగువు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. సాగే కట్టు సాగినంతా లాగకండి, సగం సాగితే చాలు. పైనా కిందా దూది కొంచెం బయటికి కనిపించాలి, కట్టు అంచు చర్మానికి కోసుకోకూడదు. పై అంచులో ఒక వేలు కాస్త గట్టిగానైనా దూరాలి, దూరకపోతే విప్పి మళ్లీ కట్టండి, బద్ధకించకండి. మోకాలి వెనక పొడుచుకొచ్చే ఎముక మీద, హాక్ కొన మీద బిగువు పడితే కొత్త పుండ్లు లేస్తాయి, అందుకే ఆ రెండు చోట్ల కట్టడం మీకు ఎవరైనా ఒకసారి చేసి చూపించాకే సొంతంగా కట్టండి.

గాయం లేని ఎదుటి కాలి గురించి కూడా డాక్టరుని అడగండి. గుర్రం రోజుల తరబడి బరువంతా దాని మీదే మోపితే ఆ గిట్టలో లామినైటిస్, అంటే గిట్ట లోపలి పొరలు వాచి విపరీతంగా నొప్పిపెట్టే జబ్బు, వచ్చే ప్రమాదం ఉంది, సపోర్టు కట్టు వేయమని, కింద మెత్తటి పడక పరచమని చాలాసార్లు చెప్తారు.

కట్టిన రోజు నిద్రపోయే ముందు ఒక్కసారి లాయంలోకి వెళ్లి చూడండి. కట్టుకి పైన వాచిందా, గుర్రం కాలు నేలకేసి కొడుతోందా, కట్టుని కొరుకుతోందా, పొద్దున కన్నా ఎక్కువ కుంటుతోందా? ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా విప్పి చూడాలి. తడిసినా జారినా వాసన వచ్చినా అంతే. జ్వరం కూడా చూడండి, పెద్ద గుర్రానికి మామూలు వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీలు, విశ్రాంతిలో గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మామూలుగా ఉన్నప్పుడు మీ గుర్రానికి ఎంత ఉంటుందో ఈ వారమే కొలిచి రాసుకుంటే ఆ రోజు పోల్చుకోడానికి ఉంటుంది.

రెండు మూడు వారాలకి గాయంలో ఎర్రగా, గరుకుగా కొత్త మాంసం నిండుతుంది, అది మంచిదే. అది చర్మం అంచు దాటి పైకి ఉబ్బితే మాత్రం దుర్మాంసం, కాలి కింది భాగంలో ఇది మామూలుగా వచ్చే సమస్య. మైలుతుత్తంలాంటి కాల్చే మందులు రాసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, మంచి చర్మం కూడా కాలిపోతుంది. డాక్టరు దాన్ని కత్తితో చర్మం మట్టానికి కోసేస్తారు, అందులో నరాలుండవు కాబట్టి గుర్రానికి నొప్పి తెలియదు, కానీ రక్తం మాత్రం బాగా కారుతుంది, కట్టు సామాను ముందే సిద్ధంగా పెట్టుకోండి.