బరువులెత్తడం నేర్చుకుందాం – 4: కాలికింద ఏముంది?

పోయిన పాఠంలో బరువులు తగిలించని ఖాళీ బార్‌ని భుజాల మీద పెట్టుకుని రోజూ మూడు సెట్లు స్క్వాట్ (గొంతుక్కూర్చుని లేవడం) చేయమన్నాను. చేసినవాళ్లలో కొందరికి కిందికి దిగేకొద్దీ మడమలు లేచి ఉంటాయి. కొందరికి పాదం లోపలికి వాలి ఉంటుంది. ఈసారి దాని సంగతి చూద్దాం.

వేసుకున్న షూ విప్పి, మడమ దగ్గర సోల్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి పోయిందంటే అది పరుగు షూ. అడుగు పడ్డప్పుడల్లా తగిలే దెబ్బను మింగడానికే అందులో ఫోమ్ పెడతారు. భుజాల మీద బరువున్నప్పుడు ఆ మెత్తదనమే ముప్పు. ఫోమ్ ఒక పక్క ఎక్కువ అణుగుతుంది, పాదం అటు ఒరుగుతుంది, దాని వెంటే మోకాలూ పోతుంది.

గుంటూరులో ఒక షాపువాళ్లు జిమ్ షూ అని చెప్పి అలాంటివే అంటగట్టారు నాకు. 80 కిలోలు దాటాక లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వచ్చేసేవి. కాళ్లలో బలం లేదేమోనని చాలా రోజులు టెన్షన్ పడ్డాను. ఒకరోజు మా కోచ్ గారు షూ విప్పించి వట్టి కాళ్లతో చేయించారు. బరువు అంతే, ఊగడం మాత్రం సగానికి సగం తగ్గింది.

కొనేముందు మీ చీలమండ ఎంత వంగుతుందో చూసుకోండి. గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో కాలి బొటనవేలు ఉండేలా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకి ఆనించండి. రెండు కాళ్లతోనూ చూడండి. తేలిగ్గా ఆనితే చదునైన గట్టి సోల్ చాలు. ఆనకపోతే మడమ ఎత్తున్న లిఫ్టింగ్ షూ మీకు బాగా సాయం చేస్తుంది. వాటి మడమ మామూలుగా 20 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, గట్టి ప్లాస్టిక్‌తోనో చెక్కతోనో చేస్తారు. మడమ పైకి ఉంటే మోకాలు ముందుకు వెళ్లడానికి చోటు దొరుకుతుంది, నడుము మరీ ముందుకు వంగదు. వేలు పోసి కొనక్కర్లేదు ముందే. రెండు సెంటీమీటర్ల మందం చెక్కపలక మీద మడమలు ఆనించి, ఖాళీ బార్‌తో పది స్క్వాట్లు చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

స్నాచ్ (బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం), క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల మీదికి, అక్కణ్నుంచి తలపైకి ఎత్తడం) చేసేవాళ్లకి మాత్రం ఈ షూ దాదాపు తప్పనిసరి. మన స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో ఈ రెండూ కలిపి మొత్తం 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చాడు. ఈసారి ఆ పోటీ వీడియో చూసేటప్పుడు బార్‌ని వదిలేసి పాదాలనే చూడండి. అవి ఒక్క క్షణం లేచి మళ్లీ నేలకి కొట్టుకుంటాయి. అంత బరువుతో దిగే పాదం జారకూడదు, సోల్ అణగకూడదు.

డెడ్‌లిఫ్ట్‌కి, అంటే నేల మీదున్న బార్‌ని పట్టుకుని నిటారుగా లేచి నిలబడే వ్యాయామానికి, లెక్క తిరగబడుతుంది. మడమ పెరిగినకొద్దీ బార్‌ని అంత ఎక్కువ దూరం లాగాలి, శరీరం మునివేళ్ల మీదికి తూలుతుంది. పల్చటి రబ్బరు సోల్ ఉన్న కాన్వాస్ షూ దీనికి బంగారం. కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది కూడా అదే. స్క్వాట్‌కీ డెడ్‌లిఫ్ట్‌కీ ఒక్క జతతో ఏడాది గడిచిపోతుంది.

విజయవాడ బీసెంట్ రోడ్డుకి వెళ్తే సాయంత్రం వెళ్లండి. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, అసలు సైజు అప్పుడే తెలుస్తుంది. జిమ్‌లో వేసుకునే సాక్సే తొడుక్కుని వెళ్లండి. వేళ్లు లోపల విచ్చుకోవాలి, మడమ మాత్రం ఇసుమంత కూడా కదలకూడదు. పాదం మీదుగా పట్టీ ఉంటే లాగి బిగించి చూడండి. అక్కడే గొంతుక్కూర్చోండి, షాపులో నలుగురూ చూస్తున్నారని మొహమాటపడొద్దు.

కొన్నాక వాటిని రోడ్డు మీద వేసుకోకండి. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి సోల్ అంటించిన జిగురు ఊడుతుంది.

ఈ వారం పని: గోడ పరీక్షలో ఏ మోకాలు ఆనిందో, ఏది ఆనలేదో నోట్‌బుక్‌లో రాసుకోండి. వట్టి కాళ్లతో ఒక సెట్, ఇప్పుడున్న షూతో ఒక సెట్ చేసి, పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించుకోండి. అయిదో పాఠంలో ఆ రెండు వీడియోలూ ముందు పెట్టుకుని పాదాల మధ్య ఎంత ఎడం ఉండాలో చూద్దాం.