జపాన్‌లో చదువుకు బయలుదేరే ఐరోపా విద్యార్థులకు ముందు జాగ్రత్తలు

ఐరోపా నుండి ఒకటి రెండు సెమిస్టర్ల కోసం జపాన్ వెళ్ళే విద్యార్థి, విమానం టికెట్టు కొనక ముందే, అక్కడి విశ్వవిద్యాలయం ద్వారా అందే అర్హత ధ్రువపత్రం (జపాన్ వలస శాఖ ఇచ్చే Certificate of Eligibility) చేతికి వచ్చిందో లేదో చూసుకోవాలి. విద్యార్థి వీసాకు అదే ప్రధాన ఆధారం.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ మందుల విషయంలో అవసరం. యాంఫెటమైన్ అనే ఉత్తేజక రసాయనం ఉన్న మందులను వైద్యుని చీటీ ఉన్నా సరే ఆ దేశంలోకి తీసుకువెళ్ళరాదు. జలుబు మందుల్లో ముక్కుదిబ్బడను తగ్గించే సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించితే అదీ చట్టపరమైన చిక్కే. వైద్యుడు రాసిచ్చిన సాధారణ మందులైనా ఒక నెల వాడకానికి మించి వెంట ఉంటే, వాటిని తీసుకురావడానికి జపాన్ ప్రభుత్వం ఇచ్చే దిగుమతి నిర్ధారణ పత్రాన్ని ప్రయాణానికి ముందే పొందాలి. తెలియక చేసిన పొరపాటుకు కూడా నిర్బంధం ఎదురుకావచ్చు కనుక, ప్రతి మందులోని రసాయనం పేరును స్వయంగా చదివి సరిచూసుకోమని గట్టిగా కోరుతున్నాను.

జపాన్ విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి, సొంత విశ్వవిద్యాలయంలోని పరీక్షల తేదీలతో అది ఢీకొనకుండా చూసుకుని, అక్కడ చదివే ఏ కోర్సుకు ఎన్ని ఈసీటీఎస్ క్రెడిట్లు (ఐరోపా విశ్వవిద్యాలయాలు చదువును లెక్కించే ఉమ్మడి కొలమానం) దక్కుతాయో రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట హామీని నమ్మకండి.

నివాసం కుదిరిన 14 రోజుల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి, విదేశీయులకు జపాన్ ఇచ్చే నివాస కార్డును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయదలిస్తే ముందుగా అనుమతి పొందాలి. తరగతులు జరిగే కాలంలో వారానికి 28 గంటలే పరిమితి. అక్కడి విద్యుత్తు 100 వోల్టులే కనుక, ఛార్జర్లపై ముద్రించిన అంకెలను కూడా ఒకసారి చూసుకోవాలి.