సుళ్లను లెక్కగట్టడం – 4వ పాఠం: దొంగ అలలు

మూడో పాఠం చివర, పల్చటి పొరలా రెండు దిక్కుల్లోనే పారే నీటిని అలల మొత్తంగా లెక్కగట్టే మన ప్రోగ్రామ్ నడిపినవాళ్లకి కాసేపు సుళ్లు చక్కగా తిరిగి, తర్వాత తెరంతా గళ్లుగళ్లుగా చెదిరి, అంకెలు పేలిపోయి ఉంటాయి. నాకూ మొదట్లో అలాగే అయ్యింది, వారం రోజులు కాలపు అడుగు (ఒక్కో లెక్కకి ముందుకి జరిగే సమయం) తగ్గిస్తూ కూర్చున్నాను. జబ్బు అక్కడ లేదండీ, గుణకారంలో ఉంది.

చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. వరసకి 128 చుక్కలు పెట్టాం. చుక్కల మధ్య గీత ఎన్ని మెలికలు తిరిగిందో చుక్కకి తెలీదు. వేగాన్ని సుడితనపు వాలుతో (సుడితనం అంటే ఆ చోట నీరు ఎంత జోరుగా తిరుగుతోందో చెప్పే అంకె, వాలు అంటే అది చోటుచోటుకి మారే తీరు) చుక్క చుక్క దగ్గర గుణించినప్పుడు అలల నంబర్లు (వరస పొడవునా అల ఎన్నిసార్లు లేచి పడుతుందో ఆ లెక్క) కలుస్తాయి: 50, 40 కలిసి 90. 128 చుక్కలు 64 దాటిన అలను పట్టలేవు, అందుకని ఆ 90 కాస్తా 90 − 128 = −38 అయి, 38 నంబరు అల వేషంలో వచ్చి కూర్చుంటుంది. ఇదే దొంగ అల. లేని చోట శక్తి పుట్టేది ఇందువల్లే.

మందు 1971లో గణిత శాస్త్రవేత్త స్టీవెన్ ఓర్‌జాగ్ చెప్పాడు: పైన మూడో వంతు అలల్ని సున్నా చేసేయండి. 128కి 42 దాకా ఉంచుతాం. ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద మొత్తం 84, అది వేషం మార్చుకున్నా −44గానే వస్తుంది, 42 అవతలే పడుతుంది, మళ్లీ కోసేస్తాం. గుణించే ముందు ఒకసారి, గుణించాక ఒకసారి, రెండు దిశల్లోనూ కోయాలి. చాలామంది రెండోది మర్చిపోతారు.

సరిగ్గా చేశారో లేదో తెలియాలంటే జిగట (నీటి లోపలి రాపిడి) సున్నా పెట్టి కొద్దిసేపే నడపండి. మొత్తం శక్తి, సుడితనపు వర్గాల మొత్తం (ఎన్‌స్ట్రోఫీ) రెండూ దాదాపు కదలకూడదు. కాలంలో ముందుకి జరగడానికి మనం వాడే నాలుగో తరగతి రుంగె–కుట్టా పద్ధతిలో కాలపు అడుగు సగం చేస్తే, ఆ కాస్త తేడా కూడా పదహారో వంతుకో ఇంకా కిందకో పడాలి. పడకపోతే ముందుకి వెళ్లకండి, కోత ఎక్కడో తప్పింది.

శక్తి, ఎన్‌స్ట్రోఫీ రెండూ ఒకేసారి నిలవడమే ఈ సబ్జెక్టుకి ప్రాణం. ఎన్‌స్ట్రోఫీ చిన్న అలల వైపు జారుతుంటే శక్తి పెద్ద సుళ్ల వైపు ఎక్కాల్సి వస్తుందని 1967లో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ క్రైక్‌నన్ చూపించాడు. మూడు దిక్కుల ప్రవాహంలో సుడి తాడులా సాగి సన్నబడుతుంది, మన రెండు దిక్కుల లెక్కలో సాగే దారే లేదు. ధవళేశ్వరం దిగువన మన కాలువ లాకుల దగ్గర నిలబడితే, స్తంభం వెనక ఒకే వైపు తిరిగే చిన్న సుళ్లు రెండు కలిసి ఒకటవడం, గుర్రపుడెక్క ముక్కలు దాని చుట్టూ తిరగడం కనిపిస్తాయి. కాలువకి లోతుంది కాబట్టి అది అచ్చంగా మన లెక్క కాదు, అయినా ఓసారి వెళ్లి చూడండి, కంటికి ఆ కలయిక అలవాటవ్వాలి.

ఈసారి పని: జిగట తిరిగి పెట్టండి, చుక్కలు 256 చేయండి. కోత ఎక్కడ పెట్టాలో కాగితం మీద మీరే తేల్చి, పెద్ద మొత్తం ఏ వేషంలో తిరిగొస్తుందో లెక్కేశాకే ప్రోగ్రామ్ నడపండి.