మహేంద్రగిరి మీద మూడు గుళ్లనూ చుట్టి రావడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి మీదుగా మహేంద్రగిరికి వచ్చేవారిలో ఎక్కువ మంది జీపు దిగి, భీముడి గుడి దాకా ఆదరాబాదరాగా ఎక్కి, నాలుగు ఫోటోలు తీసుకుని, ఎక్కిన దారినే దిగిపోతారు. 1,501 మీటర్ల ఎత్తున్న కొండను అలా చూడడం కంటే పర్లాకిమిడి బజారులో టీ తాగి వెళ్లిపోవడం మేలు. కింద అడవిలో ఉన్న కుంతి గుడితో మొదలుపెట్టి, ధర్మరాజు గుడి మీదుగా భీముడి గుడికి ఎక్కి, గడ్డివాలు పక్కగా మళ్లీ జీపు దగ్గరికి దిగే చుట్టునడకే ఈ కొండకు తగినది.

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు రావాలి. శివరాత్రికి ఇటు ఒడిశా నుంచి, అటు ఆంధ్రలోని మందస వైపు నుంచి జనం పోటెత్తుతారు. అది దర్శనానికి మంచి రోజే కాని నడకకు కాదు. రబ్బరు అడుగు గరుకుగా ఉన్న బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, చలికోటు, టార్చి, భుజం ఎత్తు చేతికర్ర ఉంటే చాలు. చెప్పులతో వచ్చినవారిని నేను వెంట తీసుకువెళ్లను.

కొండ కింది పల్లెలో దారి తెలిసిన సవర తెగ మనిషిని తోడు మాట్లాడుకుని, కూలి ఎంతో ముందే తేల్చుకోవాలి. 1936లో ఒడిశాలో చేరినా పర్లాకిమిడిలో తెలుగుతో పని జరుగుతుంది కాని, పైకి వెళ్లేకొద్దీ సవర, ఒడియా మాటలే ఎక్కువగా వినబడతాయి. ఫోనులో మ్యాపు ఉంది కదా అని తోడు లేకుండా బయలుదేరేవారు, పశువులు తొక్కిన బాటకూ మనుషులు నడిచే బాటకూ మ్యాపు తేడా చూపించదని గుర్తుంచుకోవాలి.

ఉదయం ఎనిమిది లోపు కుంతి గుడి దగ్గర ఉండాలి. ఎక్కడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయాసపడకుండా, మాట్లాడుకోగలిగినంత నిదానంగా ఎక్కితే సరిపోతుంది. భీముడి గుడి చిన్నదే అయినా, అంత పెద్ద రాళ్లను ఒకదాని మీద ఒకటి ఎలా నిలబెట్టారో చుట్టూ తిరిగి చూడాలి. ముఖలింగం ప్రాంతం నుంచి కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజులు తమ శాసనాలలో, మహేంద్ర పర్వతం మీది గోకర్ణస్వామి (శివుడు) పాదభక్తులమని చెప్పుకున్నారు. రాజేంద్ర చోళుని కాలపు శాసనాలు కూడా ఈ కొండ మీద ఉన్నాయి. వాటి మీద సుద్దముక్కలతో పేర్లు రాసే పెద్దమనుషులు దయచేసి ఇంటి దగ్గరే ఉండిపోవాలి.

అసలు కష్టం దిగేటప్పుడు మొదలవుతుంది. శిఖరం నుంచి దిగే గడ్డివాలు, కింద నుంచి చూసినప్పుడు పచ్చగా, మెత్తగా కనిపిస్తుంది. కాని ఆ గడ్డి కింద వదులు కంకర ఉంటుంది, మధ్యమధ్య రాతి పలకలు ఉంటాయి, పొద్దుటి మంచు ఆరేదాకా రెండూ జారతాయి. పలక మీద కాలు పెట్టే ముందు రంగు చూడాలి. బూడిద రంగులో పొడిగా ఉంటే నమ్మవచ్చు. నల్లగా ఉంటే బూటు కొనతో ఒకసారి గీకి చూడాలి. పాచి జిగటగా కదిలితే ఎంత చుట్టయినా సరే పక్కగా వెళ్లాలి. నేరుగా కిందికి దిగకూడదు. వాలుకు అడ్డంగా, ఇటు కొంత అటు కొంత తిరుగుతూ, మోకాళ్లు కొద్దిగా వంచి, మడమతో కాక మొత్తం అరికాలితో భూమిని తాకాలి. చేతికర్రను దిగువ వైపు ముందుగా నాటి, అది నిలిచిందని తెలిసిన తరువాతే బరువు మార్చాలి. తూలినప్పుడు గడ్డిని పట్టుకుంటే గడ్డీ మనమూ కలిసి వస్తాం. వెంటనే కూర్చుండిపోవడమే సరైన పని. ఒకరి కింద ఒకరు వరుసగా దిగకుండా, పై మనిషి తన్నిన రాయి కింది మనిషికి తగలనంత ఎడంగా ఉండాలి.

సముద్రం అంత దూరంలో లేదు కనుక మబ్బు చెప్పకుండా వచ్చి కమ్ముతుంది. చేయి చాపితే వేళ్లు కనిపించని పరిస్థితిలో చాలామంది చేసే పొరపాటు, నీళ్ల చప్పుడు వినబడిన వైపు దిగడం. వాగు దారి చూపిస్తుందని అనుకుంటారు కాని, కొండవాగు తనకు నచ్చిన చోట దూకుతుంది. మబ్బు కమ్మితే ఉన్న చోటే ఆగి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, చలికోటు తొడుక్కుని, పలుచబడేదాకా వేచి ఉండాలి. తోడు వచ్చిన మనిషి వద్దన్నప్పుడు, మన దగ్గర సమయం లేదని ఆయనతో వాదించడం తెలివితక్కువ. అందుకే భీముడి గుడి దగ్గర నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బయలుదేరాలని నేను పట్టుబడతాను. డిసెంబరులో ఐదున్నర దాటితే ఈ వాలు మీద టార్చి వెలుగు కాలి ముందు రెండడుగులకే సరిపోతుంది.

వాలు దాటిన తరువాత బాట వెడల్పవుతుంది, జీపు దాకా ఇబ్బంది లేదు. బండి ఎక్కే ముందు మేజోళ్లకు గుచ్చుకున్న గడ్డిముళ్లు తీసేసుకుని, తోడు వచ్చిన మనిషికి ఒప్పుకున్న కూలి అక్కడే ఇచ్చేయాలి. నీళ్ల సీసాలు, బిస్కెట్ల కాగితాలు తెచ్చిన సంచిలోనే పర్లాకిమిడి దాకా రావాలి.