రాడార్ గన్‌తో బంతి వేగాన్ని సరిగ్గా కొలవడం ఎలా?

గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వేసే బౌలర్‌ని బంతి దారికి 30 డిగ్రీల పక్కనుంచి కొలిస్తే, బాగా పనిచేసే గన్ కూడా 112 లేదా 113 చూపిస్తుంది. ఆ అంకె చూసి కుర్రాడు నిరుత్సాహపడతాడు. కోచ్ లేనిపోని మార్పులు చెప్పడం మొదలుపెడతాడు. అందుకే రీడింగ్ తీసేవాళ్లు ఈ పనిని శ్రద్ధగా నేర్చుకోవాలి.

ముందు నిలబడే చోటు చూసుకోండి

గన్ పంపిన రేడియో తరంగాలు బంతికి తగిలి వెనక్కి వస్తాయి. బంతి మనవైపు వస్తుంటే ఆ తరంగాల ఫ్రీక్వెన్సీ కాస్త పెరుగుతుంది, దూరంగా పోతుంటే తగ్గుతుంది. ఆ తేడాను బట్టి గన్ వేగాన్ని లెక్కిస్తుంది. దీన్నే డాప్లర్ ఎఫెక్ట్ అంటారు. అంటే బంతి గన్‌కి ఎంత వేగంగా దగ్గరవుతోందో, లేదా దూరమవుతోందో, అంతవరకే గన్‌కి తెలుస్తుంది. పక్కకు పోయే వేగం దాని లెక్కలోకి రాదు.

అందువల్ల పక్కనుంచి కొలిస్తే రీడింగ్ ఎప్పుడూ తగ్గుతుంది. 140తో వచ్చే బంతిని 5 డిగ్రీల కోణంలో కొలిస్తే అర కిలోమీటరు తేడా వస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 10 డిగ్రీలైతే 138, 20 అయితే సుమారు 132, 30 అయితే 121 చూపిస్తుంది. దీనికి కొసైన్ ఎర్రర్ అని పేరు.

కాబట్టి బంతి వచ్చే దారికి సూటిగా, కీపర్ వెనక నైలాన్ నెట్ అవతల నిలబడండి. నైలాన్ నెట్ తరంగాలకు అడ్డురాదు కానీ, ఇనుప జాలీ అయితే ఇబ్బంది పెట్టవచ్చు. బౌలర్ వెనకనుంచి కూడా కొలవవచ్చు గానీ అతని ఒళ్లూ చెయ్యీ బంతికి అడ్డం వస్తాయి. నా ఓటు కీపర్ వైపుకే. ట్రైపాడ్ ఉంటే ఛాతీ ఎత్తులో బిగించండి, చేతి వణుకు ఉండదు.

ఏ వేగం కావాలో తేల్చుకోండి

టీవీలో కనిపించేది బంతి చేతిని వదిలినప్పటి వేగం. 2003 వరల్డ్ కప్‌లో షోయబ్ అఖ్తర్ పేరిట నమోదైన 161.3 కూడా అలాంటిదే. చేయి వదిలిన క్షణం నుంచి గాలి అడ్డుకోవడంతో బంతి నెమ్మదిస్తూ వస్తుంది, పిచ్ మీద పడ్డాక ఇంకా తగ్గుతుంది. ట్రిగ్గర్ ఆలస్యంగా నొక్కితే మీకు దొరికేది ఆ తగ్గిన వేగమే.

బౌలర్ చివరి అడుగుల్లో ఉండగానే ట్రిగ్గర్ నొక్కి, బంతి పిచ్ అయ్యేదాకా అలాగే పట్టుకోండి. పీక్ మోడ్ ఉంటే వాడండి, వచ్చిన వాటిలో గరిష్ఠ వేగాన్ని అది నిలిపి ఉంచుతుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మీరు బంతి దారికి మీటరున్నర పక్కగా ఉన్నా, బంతి 20 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు కోణం 4 డిగ్రీలే. అదే బంతి 4 మీటర్ల దగ్గరకు వచ్చేసరికి కోణం 20 డిగ్రీలు దాటుతుంది. దూరంలో ఉండగానే పట్టుకున్న రీడింగే నమ్మదగ్గది.

పీక్ మోడ్‌తో ఒక చిక్కుంది. బంతికి బదులు బ్యాట్ ఊపు గానీ, కొట్టాక వెనక్కి దూసుకుపోయే బంతి గానీ లెక్కలోకి రావచ్చు. వేగం కోసమే వేయిస్తుంటే బ్యాటర్‌ని పక్కకు తప్పుకోమనండి.

చుట్టూ ఏం కదులుతోంది?

గన్ నుంచి వెళ్లే బీమ్ దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. 12 డిగ్రీల బీమ్ 20 మీటర్ల దగ్గర నాలుగు మీటర్లకు పైగా పరుచుకుంటుంది. ఆ మేరలో తిరిగే ఫ్యాన్ రెక్కలు, వెనక రోడ్డు మీద పోయే వాహనాలు, పక్క నెట్‌లో పరుగెత్తే మనుషులు, అన్నీ గన్‌కి కనిపిస్తాయి. బంతి వేయకముందే ఒకసారి ట్రిగ్గర్ నొక్కి చూడండి. అంకె వచ్చిందంటే అక్కడ ఏదో కదులుతున్నట్టే. ఇండోర్‌లో అయితే ఫ్యాన్లు ఆపేయండి.

బ్యాటరీ నిండుగా ఉండాలి. చార్జ్ తగ్గితే బంతిలాంటి చిన్న వస్తువు దూరంలో ఉండగా దొరకదు. యూనిట్ కిలోమీటర్లలో ఉందా, మైళ్లలో ఉందా అన్నది కూడా చూసుకోండి.

గన్‌ని పరీక్షించండి

కొన్ని గన్‌లతో పాటు ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే ఒకే స్వరంతో మోగే రెండు కొమ్ముల లోహపు కడ్డీ) వస్తుంది, దాని మీద ఒక వేగం రాసి ఉంటుంది. దాన్ని చెక్కకో చెప్పు మడమకో కొట్టి (లోహానికి కొట్టకండి) గన్ ముందు కొద్ది దూరంలో పట్టుకుంటే ఆ వేగమే కనిపించాలి. మీ గన్ ఫ్రీక్వెన్సీకి సరిపోయే ఫోర్క్ అయితేనే ఇది కుదురుతుంది. ఫోర్క్ లేకపోతే ఖాళీ స్థలంలో ఒకరిని నిలకడైన వేగంతో కారులో మీవైపు రమ్మని, జీపీఎస్ చూపే వేగంతో పోల్చండి. స్పీడోమీటర్ సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి దాన్ని కొలతగా పెట్టుకోవద్దు.

రాసుకునేటప్పుడు

ఒక్క బంతిని బట్టి తేల్చేయకండి. ఆరేడు బంతులు వేయించి అన్నీ రాసుకోండి. 126, 128, 127 మధ్యలో హఠాత్తుగా 143 వస్తే సంబరపడకుండా దాన్ని పక్కన పెట్టండి, మళ్లీ అలాంటి అంకె వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. వారం వారం పోల్చాలంటే గన్ అదే చోట, అదే ఎత్తులో ఉండాలి. నిలబడిన చోటికి నేల మీద గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

టెన్నిస్‌కీ పరుగుకీ

టెన్నిస్ సర్వ్ ఐమూలగా వెళ్తుంది కాబట్టి కోర్టు మధ్య గీతకు ఎదురుగా కాకుండా, బంతి వెళ్లే ఆ ఐమూల గీత మీద నిలబడండి. పరుగు కొలిచేటప్పుడు చేతులూ కాళ్లూ ఒంటికంటే వేగంగా ఊగి రీడింగ్‌ని చెడగొడతాయి. గన్‌ని రన్నర్ వెనక ట్రాక్‌కి సూటిగా, సుమారు మీటరు ఎత్తులో పెట్టి నడుము వైపు గురిపెట్టండి.