రాయడం మానేసిన జెల్ పెన్నును బాగుచేయడం

జెల్ పెన్ను రాయకపోతే చాలామంది బాల్‌పెన్నుకు చేసే వైద్యమే దానికీ చేస్తారు. మొనను మంటకు చూపిస్తారు, లేదా కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి గీస్తారు. ఈ రెండూ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి. బాల్‌పెన్నులో ఉండేది నూనెలాంటి ఇంకు కాగా, జెల్ పెన్నులో ఉండేది నీటిలో రంగుపొడిని కలిపి చిక్కబరచిన ఇంకు. 1984లో జపానుకు చెందిన సకురా సంస్థ తొలి జెల్ పెన్నును తెచ్చినప్పుడు, ఆ చిక్కదనం కోసం వాడినది ఆహారపదార్థాల్లోనూ కలిపే జాంథన్ గమ్. అలాంటి ఇంకు కదలిక లేనప్పుడు గట్టిగా నిలిచి ఉంటుంది, మొనలోని గుండు తిరిగినప్పుడు మాత్రమే పలుచబడి జారుతుంది. అందువల్ల దానికి కావలసింది వేడిమంట కాదు, కొద్దిగా తేమ, గుండు తేలికగా తిరిగే వీలు.

ముందుగా రీఫిల్‌ను బయటికి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. ఏం చేయాలన్నది అక్కడే తేలుతుంది. ఇంకు మొన దాకా తెగకుండా ఉంటే లోపం మొనలోనే ఉన్నట్టు. కొత్త రీఫిల్ అయితే మొనకు అంటించిన చిన్న మైనపు బొట్టును తీశారో లేదో చూడాలి. పాతదైతే లోహపు మొన మాత్రమే మునిగేలా గోరువెచ్చని నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి, మెత్తని గుడ్డతో తుడిచి, రబ్బరు మీద గానీ మామూలు కాగితం మీద గానీ నొక్కకుండా సున్నాలు చుట్టాలి. పూర్తిగా ఎండి గట్టిపడిన రంగుపొడి మళ్లీ కరగకపోవచ్చు కనుక, రెండోసారికీ రాకపోతే రీఫిల్ మార్చడమే మంచిది. కాగితంలో ఒక చోట మాత్రమే గీత తెగుతుంటే తప్పు పెన్నుది కాకపోవచ్చు. చేతి జిడ్డు అంటిన చోట గుండు తిరగక జారిపోతుంది.

ఇంకు మధ్యలో ఖాళీ కనిపిస్తే అది గాలి బుడగ. పెన్ను మొన కిందికి పడినప్పుడు, లేదా మొన పైకి ఉండేలా గోడమీద రాసినప్పుడు ఇది వస్తుంది. రీఫిల్‌ను తిరిగి పెన్నులో బిగించి, మూత గట్టిగా పెట్టి, తోకవైపు పట్టుకుని, పాదరసపు థర్మామీటరును విదిలించినట్టు మొన బయటికి ఉండేలా పలుమార్లు విదిలించాలి. గాలి కన్నా బరువైన ఇంకు మొనవైపు చేరి, బుడగ వెనక్కి పోతుంది. మొండి బుడగైతే తోకకు దారం గట్టిగా కట్టి, మనుషులు లేని చోట అరనిమిషం గిరగిర తిప్పవచ్చు. మూత లేని నొక్కుడు పెన్నుకైతే మొనకు కాగితం చుట్టి టేపు వేయడం మరచిపోకూడదు. ఎంత తొందరలో ఉన్నా రీఫిల్ వెనకనుంచి నోటితో మాత్రం ఊదకూడదు. ఇంకు వెనక అడ్డుగా ఉండే పారదర్శకమైన గ్రీజు చెదిరిపోతే ఇంకు వెనకనుంచే కారుతుంది, దాన్ని సరిచేసే మార్గం లేదు.

మొన కక్కుతూ ముద్దలు పెడుతుంటే తుడిచి కొద్దిసేపు రాసి చూడాలి. ఆగకపోతే గుండు గూడు వంగినట్టే, ఆ రీఫిల్‌ను పారేయాలి. రాత అలుక్కుపోవడం లోపం కాదు, ఇంకు తడి ఆరకపోవడమే. నున్నటి కాగితం మానుకుని, 0.7 బదులు 0.5 మిల్లీమీటర్ల మొన వాడితే ఇంకు తక్కువ పడి త్వరగా ఆరుతుంది.